టోన్‌లాక్ నాటి సందేహం: అవతల పలికింది మనిషా, మోడెమా అని ప్రోగ్రాముకు ఎలా తెలిసేది?

పాత ఫ్లాపీ:

అందరికీ నమస్కారం. పండుగకు ఊరు వెళ్లినప్పుడు అటక మీది పెట్టెలో, మా పెదనాన్నగారి అబ్బాయి 1990ల మధ్యలో అమెరికా చదువు ముగించుకొని వస్తూ తెచ్చిన ఫ్లాపీలు దొరికాయి. చాలా వరకు బూజు పట్టి చదవడానికి వీలు కాకుండా పోయాయి గాని, ఒకటి మాత్రం తెరుచుకుంది. అందులో టోన్‌లాక్ 1.10 అనే డాస్ ప్రోగ్రాము, దాని వివరణ పత్రం, టోన్‌మ్యాప్ అనే మరో చిన్న ప్రోగ్రాము, పదివేల బైట్ల పైచిలుకు ఉన్న ఒక డేటా ఫైలు ఉన్నాయి. టోన్‌మ్యాప్‌కు ఆ ఫైలును చూపించగానే, వరుసకు వంద చొప్పున వంద వరుసల చుక్కలు రకరకాల రంగుల్లో తెర నిండా పరుచుకున్నాయి. చూడడానికి సంక్రాంతి ముగ్గులా ఉంది.

ఇది వరుసగా టెలిఫోను నంబర్లకు డయలు చేసి, ఏ నంబరు వెనుక కంప్యూటరు ఉందో వెతికే ప్రోగ్రాము అని వివరణ పత్రం చదివాక అర్థమైంది. డయలు చేయడం ఎవరైనా చేయగల పని. నా సందేహం దాని తరువాతి మెట్టు గురించి. అవతల ఫోను ఎత్తినది మనిషో, ఫ్యాక్సు యంత్రమో, కంప్యూటరును ఫోను లైనుకు కలిపే మోడెమో, లేక ఎవరూ ఎత్తలేదో ఆ రోజుల కంప్యూటరు ఎలా నిర్ణయించేది? ఈ ముగ్గులోని రంగులను ఏ లెక్కన నమ్మాలి?

ఎడిసన్ నుంచి:

మంచి ప్రశ్న వేశారు. నేను 1990ల చివర్లో న్యూజెర్సీకి వచ్చి, ఒక సంస్థలో మోడెముల నిర్వహణ చూసినవాణ్ణి కనుక తెలిసినంత చెబుతాను.

మొదట చెప్పవలసినది, కంప్యూటరు ఏమీ వినేది కాదు. వినేది మోడెము. అట్లాంటాకు చెందిన డెనిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ కలిసి 1981లో విడుదల చేసిన స్మార్ట్‌మోడెమ్‌తో, కంప్యూటరు సీరియల్ తీగ మీద ఏటీ అనే రెండక్షరాలతో మొదలయ్యే ఆజ్ఞలు పంపితే మోడెము తానే లైను తీసుకొని, డయలు చేసి, ఫలితాన్ని ఒక్క మాటలో తిరిగి చెప్పే పద్ధతి స్థిరపడింది. ఏటీడీటీ అని రాసి పక్కన నంబరు పెడితే డయలు జరుగుతుంది. ఆ తరువాత కనెక్ట్ అనో, నో క్యారియర్ (అవతలి మోడెము స్వరం అందలేదు) అనో జవాబు వస్తుంది. ఈ కోవకు చెందిన ప్రోగ్రాములన్నింటికీ ఆధారం ఈ ఒక్క మాట జవాబే.

ఇందులో ఒక చిక్కు ఉంది. తొలి 300 బాడ్ స్మార్ట్‌మోడెముకు లైను బిజీగా ఉందని చెప్పే మాటే లేదు. బిజీ అయినా, ఎవరూ ఎత్తకపోయినా, ఎత్తిన మనిషి పదిసార్లు హలో అన్నా, గడువు ముగిసేదాకా వేచి ఉండి నో క్యారియర్ అనే చెప్పేది. అందువల్ల మొదటి తరం ప్రోగ్రాములకు ప్రపంచంలో రెండే రకాల నంబర్లు ఉండేవి: మోడెము ఉన్నది, లేనిది. బిజీ, నో డయల్‌టోన్ వంటి జవాబులు తరువాతి మోడెములలో వచ్చాయి. యూఎస్ రోబోటిక్స్ వారి కూరియర్ వంటి ఖరీదైన మోడెములు మనిషి గొంతును పసిగట్టి వాయిస్ అని కూడా చెప్పగలిగేవి. కాబట్టి మీ ముగ్గులోని రంగులను ఎంతవరకు నమ్మవచ్చునన్నది ఆ రోజు ఏ మోడెము వాడారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

సందేహి:

నాకు తెలిసినంతలో ఇది 1983లో వచ్చిన వార్ గేమ్స్ సినిమా పుట్టించిన ఆలోచన. అందులో కుర్రవాడు కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నంబర్లన్నింటికీ కంప్యూటరుతో డయలు చేయిస్తాడు కదా. ఇలాంటి ప్రోగ్రాములకు వార్ డయలర్ అన్న పేరు కూడా అక్కడిదే.

ఎడిసన్ నుంచి:

పేరు అక్కడిదే, పని మాత్రం కాదు. ఒక ప్రిఫిక్స్ (ఏరియా కోడు తరువాతి మూడంకెలు) కింద ఉన్న నంబర్లను వరుసగా చేతితో డయలు చేసి, ఎక్కడ వింత శబ్దం వినిపిస్తే దాన్ని పుస్తకంలో రాసుకోవడం టెలిఫోను వ్యవస్థ లోగుట్టును తవ్వే ఫోన్ ఫ్రీకులకు అంతకు ముందే ఉన్న అలవాటు. దానిని వారు స్కానింగ్ అనేవారు. ఆపిల్ 2లో అమర్చుకొనే హేస్ మైక్రోమోడెమ్, శబ్దాలను ప్రోగ్రాముతో పుట్టించగల నోవేషన్ సంస్థ ఆపిల్ క్యాట్ వంటివి ఆ సినిమాకు ముందే వచ్చాయి. వాటితో ఔత్సాహికులు ఇలాంటివి రాసుకున్నారు. డీమన్ డయలర్ అనే మరో మాట కూడా అప్పుడే వాడుకలో ఉంది. అసలు ఆ పేరుతో జూమ్ టెలిఫోనిక్స్ అమ్మినది బిజీ అయిన నంబరుకు మళ్లీ మళ్లీ డయలు చేసే చిన్న పెట్టె మాత్రమే, ఊరినంతా వెతికే యంత్రం కాదు.

సినిమాలో నాకు నవ్వు తెప్పించే విషయం ఒకటుంది. ఫోను రిసీవరును అకూస్టిక్ కప్లరు గుంటల్లో పెట్టి వందల నంబర్లకు డయలు చేయించినట్టు చూపిస్తారు. ఆ కప్లరుకు రిసీవరు ద్వారా వినడం, పలకడం తప్ప లైనును కట్ చేసి మళ్లీ తీసుకొనే శక్తి లేదు. ప్రతి నంబరుకూ మనిషి పక్కన కూర్చొని హుక్కు నొక్కవలసిందే.

అదే సంవత్సరం పట్టుబడ్డ మిల్వాకీ కుర్రవాళ్ల 414 ముఠాను కూడా చాలామంది ఈ ఖాతాలో వేస్తారు. వారు లాస్ అలమోస్ అణు పరిశోధనాశాల వంటి చోట్ల కంప్యూటర్లలోకి వెళ్లినది టెలినెట్ అనే డేటా నెట్‌వర్కు మీదుగా, తయారీదారులు పెట్టిన పాస్‌వర్డులను ఎవరూ మార్చకపోవడం వల్ల. 414 వారి ఊరి ఏరియా కోడు కావడంతో జనం రెంటినీ కలిపేశారు.

రొటీనర్:

నేను కృష్ణా జిల్లాలో టెలిఫోను ఎక్స్ఛేంజీలలో ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఈ చర్చలో నాకు ఆసక్తి కలిగించినది ఏమిటంటే, యంత్రంతో డయలు చేయించడమనేది కుర్రకారు కనిపెట్టిన విద్యేమీ కాదు. కదిలే స్విచ్చులతో నడిచే పాతకాలపు స్ట్రోజర్ ఎక్స్ఛేంజిలో రొటీనర్ అనే పరికరం ఉండేది. రద్దీ లేని వేళల్లో అది సెలెక్టర్లు అనే ఆ స్విచ్చులను ఒక్కొక్కటిగా పట్టుకొని, పల్సులు పంపి, సరిగా అడుగులు వేస్తున్నాయో లేదో చూసి, తప్పిన చోట ఆగి గంట కొట్టేది. నా పేరు దాని జ్ఞాపకమే. మీరు చెప్పే ప్రోగ్రాము బయటినుంచి చేసినదీ, మేము లోపలినుంచి చేసినదీ ఒకే రకం పని. కాకపోతే మా రొటీనరు ఎవరి ఇంట్లోనూ గంట మోగించేది కాదు.

మన దగ్గర ఇది ఎందుకు పెరగలేదని అడిగితే, కారణం జవాబు చెప్పిన ప్రతి కాలుకూ పడే మీటరు. అమెరికాలో నెలసరి అద్దె కడితే లోకల్ కాల్సు ఎన్ని చేసినా చాలాచోట్ల అదనంగా ఏమీ ఉండేది కాదని విన్నాను. మన దగ్గర అప్పట్లో అవతలివారు ఎత్తగానే మీటరు తిరిగేది, రాంగ్ నంబరైనా సరే. పదివేల నంబర్లలో సగం మంది ఎత్తినా ఆ బిల్లు ఇంటి పెద్ద చేతికి వచ్చిన రోజున ఏం జరిగేదో నేను వర్ణించనక్కరలేదు. పైగా ఫోను కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే కాలం అది. రాత్రంతా దానిని కంప్యూటరుకు అప్పగించే ఇల్లు ఎక్కడుంది?

సాంకేతికంగా మరో అడ్డంకి, అంకెలను స్వరాలుగా కాక విద్యుత్ తెంపులుగా పంపే పల్స్ డయలింగ్. సెకనుకు పది పల్సుల చొప్పున, అంకెకూ అంకెకూ మధ్య విరామంతో ఆరు అంకెలు పంపడానికే ఏడెనిమిది సెకన్లు పట్టేది.

ఎడిసన్ నుంచి:

రొటీనర్ గారూ, మీరు చెప్పినది అక్షరాలా నిజం. లోకల్ కాల్సు ఉచితం కావడమే ఈ ప్రోగ్రాములకు పుట్టుక. దానికి తోడు అమెరికా నంబర్ల అమరిక. ఏరియా కోడు తరువాత మూడంకెల ప్రిఫిక్స్, దాని తరువాత నాలుగంకెలు. అంటే ప్రిఫిక్సుకు సరిగ్గా పదివేల నంబర్లు. టోన్‌లాక్‌లో ప్రిఫిక్సు రాసి చివరి నాలుగు అంకెల చోట నాలుగు ఎక్స్‌లు పెడితే అదే మాస్క్, అంటే వెతకవలసిన నంబర్ల నమూనా. డేటా ఫైలులో ఒక్కో నంబరుకు ఒక్కో బైటు. అందుకే మీ ఫైలు పదివేల పైచిలుకు బైట్లు, మీ ముగ్గు వందకు వంద.

కాలం లెక్క కూడా చూడండి. నంబరుకు 40 సెకన్లు అనుకుంటే పదివేలకు నాలుగు లక్షల సెకన్లు, అంటే సుమారు 111 గంటలు. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున రెండు వారాలు. అందువల్ల ఈ ప్రోగ్రాముల రచయితల బుద్ధి అంతా సెకన్లు కోయడం మీద నడిచింది. మోడెములో ఎస్7 అనే రిజిస్టరు జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెబుతుంది, ఎస్11 ఒక్కో అంకె స్వరం ఎన్ని మిల్లీసెకన్లు మోగాలో చెబుతుంది. మామూలుగా 95 ఉండే ఎస్11ను 50 దగ్గరికి దించి, ఎక్స్ఛేంజి అంకెలను అందుకోగల హద్దు ఎక్కడుందో వెతికేవారు. ఎస్7ను మరీ తగ్గిస్తే, నాలుగోసారి మోగాక ఎత్తే మోడెము దొరకకుండా పోతుంది. మీ ముగ్గులో టైమ్‌అవుట్ రంగు చుక్కల కింద ఇలా జారిపోయిన మోడెములు కొన్ని తప్పక ఉంటాయి.

పాత ఫ్లాపీ:

చాలా సంతోషం. వివరణ పత్రంలో క్యారియర్లను వెతకడం, టోన్లను వెతకడం అని రెండు వేరువేరు పద్ధతులు చెప్పారు. టోన్ అంటే ఇక్కడ ఏమిటి? పేరులో టోన్ లొకేటర్ అని ఉంది కదా, మోడెము కంటే టోనే ముఖ్యమా?

ఎడిసన్ నుంచి:

పేరు టోన్ లొకేటర్‌కు కుదింపే గాని, అప్పటి ఒక ర్యాప్ గాయకుడి పేరు మీద చమత్కారం కూడా. మైనర్ థ్రెట్, మూచో మాస్ అనే మారుపేర్లతో ఇద్దరు దానిని రాశారు.

టోన్ అంటే రెండో డయల్ టోన్. కొన్ని సంస్థల పీబీఎక్సులకు, అంటే వాటి సొంత లోపలి ఎక్స్ఛేంజీలకు, బయటినుంచి ఫోను చేస్తే, మనిషి పలకకుండా లోపలి డయల్ టోన్ వినిపించేది. ఉద్యోగులు కోడు నొక్కి సంస్థ లైను మీద దూరపు కాల్సు చేసుకోవడానికి ఉద్దేశించిన ఏర్పాటు అది. దూరపు కాల్సు ఖరీదుగా ఉన్న కాలంలో అలాంటి నంబరు దొంగలకు నిధి. సంస్థలకు వచ్చిన దొంగ బిల్లుల కథలు ఇక్కడినుంచే మొదలవుతాయి.

దానిని పట్టే ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. డయలు ఆజ్ఞలో డబ్ల్యూ అనే అక్షరం పెడితే మోడెము అక్కడ ఆగి డయల్ టోన్ కోసం ఎదురుచూస్తుంది. బయటి లైను తీసుకోవడానికి 9 నొక్కవలసిన కార్యాలయాల కోసం పెట్టిన సదుపాయం అది. ఆ డబ్ల్యూను నంబరుకు ముందు కాక తరువాత పెట్టి, చివర సెమికోలన్ చేర్చారు. సెమికోలన్ ఉంటే డయలు ముగిశాక మోడెము ఆజ్ఞల స్థితికి తిరిగి వచ్చి ఓకే అంటుంది. అంటే అవతలినుంచి డయల్ టోన్ వినిపిస్తేనే ఓకే వస్తుంది, లేకపోతే రాదు. టోన్లు వెతకడానికి ఎవరూ తయారు చేయని మోడెముతో ఆ పని చేయించారు.

రొటీనర్:

ఆ డయల్ టోన్ విషయమై ఒక మాట. అమెరికా డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్ స్వరాల కలయిక. మనది 400 హెర్ట్జ్ స్వరం 25 హెర్ట్జ్ ఊగుడుతో ఉంటుంది. అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టు ప్రారంభించాక, విదేశీ మోడెములు కొన్నవారు ఎక్స్ఛేంజికి వచ్చి లైనులో డయల్ టోన్ లేదంటోందని ఫిర్యాదు చేసేవారు. చేతితో ఎత్తి చూస్తే నిక్షేపంలా ఉండేది. ఆ మోడెము చెవికి మన టోన్ టోనులా వినిపించేది కాదు, అంతే. ఏటీఎక్స్3 అని ముందు పెట్టుకుంటే టోన్ కోసం చూడకుండా డయలు చేస్తుందని కుర్రవాళ్లు ఒకరికొకరు చెప్పుకొని నెట్టుకొచ్చారు. 198కి వచ్చిన ఫిర్యాదులలో ఇవి కూడా లైన్‌మ్యాన్ నెత్తిన పడేవి.

నైట్ షిఫ్ట్:

నేను హైదరాబాదులో నెట్‌వర్కు భద్రత పరీక్షలు చేస్తాను. ఈ ప్రోగ్రాములను బొమ్మలుగా చూడకూడదని చెప్పడానికి ఒక ఉదాహరణ. పీటర్ షిప్లీ, సిమ్సన్ గార్ఫింకెల్ శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని 510, 415, 408 ఏరియా కోడులలో, 650లో కొంత భాగంలో సుమారు 57 లక్షల నంబర్లకు డయలు చేసి, 46,192 మోడెములు జవాబిచ్చాయని 2001లో పత్రం రాశారు. అంటే వెయ్యికి దాదాపు ఎనిమిది. పాత ఫ్లాపీ గారి పదివేలలో ఆ లెక్కన ఎనభై దాకా ఉండాలి. ఎన్ని ఉన్నాయో చెబుతారా? సంస్థలు ఇంటర్నెట్టు వైపు ఫైర్‌వాల్ కట్టి, టేబులు కింద ఎవరో ఉద్యోగి పెట్టుకున్న మోడెమును మరిచిపోయే రోజులవి. ముందు తలుపుకు తాళం, పెరటి తలుపు బార్లా.

మరో సంగతి. జర్మనీ నుంచి వాన్ హౌజర్ అనే మారుపేరుతో వచ్చిన టీహెచ్‌సీ స్కాన్ కూడా ఇదే పని చేసేది, దాని రెండో వెర్షను 1998లో వచ్చింది. ఆ తరువాత 2009లో హెచ్.డి. మూర్ విడుదల చేసిన వార్‌వాక్స్ అసలు మోడెమే వాడదు. ఇంటర్నెట్టు ఫోను లైన్ల మీద ఒకేసారి చాలా కాల్సు చేసి, వినిపించిన శబ్దాన్ని రికార్డు చేసుకొని, తీరిగ్గా విశ్లేషిస్తుంది. మీరు మొదట అడిగిన ప్రశ్నకు నా దృష్టిలో సరైన జవాబు అప్పుడు వచ్చింది. అంతకు ముందు మోడెము చెప్పిన ఒక్క మాట నమ్మడమే.

సందేహి:

అలా అయితే దీనిని నేరం అనాలా, అభిరుచి అనాలా? డయలు చేయడం మాత్రమే తప్పు కాదనే వాదన చాలాచోట్ల చదివాను.

నైట్ షిఫ్ట్:

యజమాని లిఖితపూర్వక అనుమతి ఉంటే పరీక్ష, లేకపోతే కాదు. మా వృత్తిలో ఈ గీత చెరగదు. అయితే అప్పటి అమెరికా చట్టం డయలు చేయడాన్ని గాక, అనుమతి లేకుండా కంప్యూటరులోకి ప్రవేశించడాన్నే ప్రధానంగా పట్టించుకుంది. 1991లో ఆటో డయలర్ల మీద వచ్చిన కేంద్ర చట్టం కూడా టెలిమార్కెటింగ్ వారిని దృష్టిలో పెట్టుకొని చేసినదే.

ఎడిసన్ నుంచి:

చట్టం సంగతి అలా ఉంచండి, వారిని నిజంగా కట్టడి చేసినది టెలిఫోను సంస్థే. వరుసగా 0001, 0002 అంటూ వెళితే ఎక్స్ఛేంజి రికార్డుల్లో గీత గీసినట్టు కనిపిస్తుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఒకే కార్యాలయానికి వరుస నంబర్లు ఉండడం వల్ల ఒక గదిలో మోగి ఆగిన ఫోను పక్క గదిలో, ఆపై గదిలో మోగుతూ నడవా పొడవునా వెళుతుంది, ఎంతటి అమాయకుడికైనా అనుమానం వస్తుంది. అందుకే టోన్‌లాక్ చెల్లాచెదురు క్రమంలో డయలు చేసేది. ఎన్నటికీ డయలు చేయకూడని నంబర్ల జాబితా, ఏ గంటకు మొదలై ఏ గంటకు ఆగాలో చెప్పే సదుపాయం కూడా ఉండేవి. ఉచిత 800 నంబర్ల జోలికి తెలివైనవారు పోయేవారు కాదు, ఎందుకంటే వాటికి బిల్లు కట్టేది అవతలివారు కనుక చేసినవారి నంబరు వారికి చేరుతుంది. 1990లలో కాలర్ ఐడీ, స్టార్ 69 నొక్కితే చివరగా ఫోను చేసినవారికే తిరిగి మోగే సేవ ఊరూరా వచ్చాక ఆట కట్టింది. రాత్రి రెండు గంటలకు లేపిన మనిషి తిరిగి ఫోను చేస్తే, ఎత్తేది ఆ కుర్రవాడి తల్లి.

రొటీనర్:

అదే నా అభ్యంతరం. మోడెములు ఎనభై దొరికితే, మిగిలిన తొమ్మిది వేల పైచిలుకు ఎవరివి? రాత్రి వేళ ఫోను మోగితే మన ఇళ్లలో ఎవరికో ఏదో అయిందని గుండె జారేది. ప్రోగ్రాముకు అది నో క్యారియర్ అనే రెండు మాటలు.

పాత ఫ్లాపీ:

నైట్ షిఫ్ట్ గారు అడిగినట్టు నిన్న రాత్రి కూర్చొని లెక్కపెట్టాను. క్యారియర్లు 212, అంటే మీ సగటుకు రెండున్నర రెట్లు. అనుమానం వచ్చి అన్నయ్యకు ఫోను చేశాను. ఆ ప్రిఫిక్సు మొత్తం వాళ్ల విశ్వవిద్యాలయానిదేనట. విభాగానికి ఒకటి చొప్పున డయల్ఇన్ నంబర్లు ఉండేవట గాని, ఏవి ఎప్పుడు ఖాళీగా ఉంటాయో విద్యార్థులకు ఎవరూ చెప్పేవారు కాదట, అందుకే గదిలోని ముగ్గురు కలిసి వెతికారట. బిజీ రంగు చుక్కలు ఒక వరుసలో గుంపుగా ఉన్నది గ్రంథాలయం మోడెముల వరుస అని చూడకుండానే చెప్పాడు. అనుమతి అడిగారా అంటే నవ్వి ఊరుకున్నాడు.

ఇంకొకటి. డయలు అవుతుండగా పక్కన కూర్చొని వింటున్నవారు ఒక కీ నొక్కి, ఇది ఫ్యాక్సు, ఇది వాయిస్ మెయిలు, ఇది గట్టిగా తిట్టిన మనిషి అని గుర్తు పెట్టుకొనే వీలు ఈ ప్రోగ్రాములో ఉంది. ఆ చివరి రంగు చుక్కలు మా ఫైలులో పదిహేడు ఉన్నాయి. వాటిలో పదకొండు ఒకే చోట, రెండు వరుసల మధ్య ఇరుక్కొని ఉన్నాయి. అవి ఎవరివని అడిగితే, అధ్యాపకుల క్వార్టర్సు అన్నాడు.